మా చినుకు కురిపించిన వాన

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. ప్రాణం సంగతి నాకు తెలియదు గానీ, వాన రాకడ మాత్రం మా ఇంట్లో ముందే తెలిసిపోతుంది. మా తోటికోడలు ఫోన్లో "సరే సార్, శుక్రవారానికల్లా తడిపేస్తాను" అందంటే, ఆ శుక్రవారం ఎవరో ఒకరి పెళ్ళి ఫోటోలో కుండపోతగా కురిసి తీరుతుంది.

దాని ఉద్యోగమే అది. ఒక ఫోటో స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుని వాన లేని చోట వాన, మంచు లేని చోట మంచు పెడుతుంది. కిటికీ అవతల పక్కింటి గోడ ఉంటే గోడ తీసేసి మబ్బులు పెడుతుంది. స్టూడియోలో అందరూ 'చినుకు' అంటారు. ఆ పేరు మా మరిది నోటికి పట్టింది, ఆయన నుంచి ఇంటిల్లిపాదికీ పట్టింది. అసలు పేరు రేషన్ కార్డు మీద చూసినప్పుడు, ఇదెవరబ్బా అని ఒక్క క్షణం ఆలోచిస్తాను.

నేను బళ్ళో లెక్కలు చెబుతాను. ఉన్నది ఉన్నట్టుండాలి నాకు. అందుకే మొదట్లో దాని పనంటే కాస్త చులకన. వాన పెట్టడమంటే ఏముంది, నాలుగు తెల్లగీతలు గీస్తే సరి అన్నాను ఒకసారి. అది నవ్వి, లేచి, తన కుర్చీ నాకిచ్చింది. "గియ్యక్కా" అంది. గీశాను. దువ్వెన పళ్ళలా వచ్చింది.

"దూరంగా పడే వానకి గీతలుండవక్కా. పొగలా ఉంటుంది. మధ్యలోది సన్నగా కనిపిస్తుంది. మన ముక్కు ముందు పడేది పొడుగ్గా, మసగ్గా ఉంటుంది. మూడింటినీ మూడు పొరలుగా వెయ్యాలి. మూడూ ఒకే వాలులో పడాలి. గాలి ఒక్కటే కదా."

"మరి అద్దం మీద చినుకులు?"

"వాటిల్లో లోకం తలకిందులుగా ఉంటుంది. ఆకాశం అడుగున, నేల పైన. అందుకే చినుకు పైన నల్లగా, కింద తెల్లగా ఉండాలి. కొందరు పైన ఒక తెల్లచుక్క పెట్టి చేతులు దులుపుకుంటారు. అది వాన కాదు, పూసల దండ."

నేను నమ్మలేదు. తర్వాత నిజంగా వాన పడినప్పుడు వంటింటి కిటికీకి ముక్కు ఆనించి చూశాను. ప్రతి చినుకులోనూ ఎదురింటి మేడ తలకిందులుగా వేలాడుతోంది. నలభై మూడేళ్ళొచ్చాయి, ఎన్ని కిటికీలు తుడిచానో, ఒక్కసారీ చూడలేదు. కొంచెం సిగ్గేసింది.

తుడవడం అంటే గుర్తొచ్చింది. అది పెళ్ళయి వచ్చిన కొత్తలో ఒకరోజు వంటింటి అద్దమంతా జిగట జిగటగా చుక్కలుంటే, పిల్లలు ఏదో పూశారని శుభ్రంగా తుడిచేశాను. సాయంత్రం అది వచ్చి చూసి, గుమ్మంలోనే కూలబడింది. "అక్కా, నా చినుకులు" అంది. చక్కెర పాకం కలిపిన నీళ్ళు చిలకరించి, జారకుండా నిలబెట్టి, ఎండ వాలాక ఫోటో తీద్దామని వదిలి వెళ్ళిందట. పాకం మీదికి అప్పటికే చీమలు బయల్దేరాయని నేను చెప్పలేదు. ఎవరి పని వాళ్ళకి ముద్దు.

దాని దగ్గరికొచ్చే జనం కూడా అలాంటివాళ్ళే. ఒక పెళ్ళికొడుకు వచ్చి, జోరువాన కావాలన్నాడట. పెట్టింది. బాగుంది కానీ మేం తడవకూడదన్నాడట. గొడుగు పెడతానంది. గొడుగు వద్దు, మొహం కనపడదన్నాడట. చివరికి ఇద్దర్నీ తీసుకెళ్ళి ఒక కిటికీ లోపల నిలబెట్టి, వానని బయట పెట్టింది. "కిటికీని కనిపెట్టినవాడికి దణ్ణం పెట్టాలక్కా, సగం పెళ్ళిళ్ళు వాడే నిలబెడుతున్నాడు" అంది ఇంటికొచ్చి.

దాని ఉద్యోగాన్ని ఇంట్లో ఒప్పుకోనిది మా అత్తయ్య ఒక్కరే. "అబద్ధాల ఉద్యోగం" అనేవారు. ఆవిడ అంటే అన్నారు గానీ, హాల్లో మధ్యగోడ మీద ఆరేళ్ళు వేలాడింది మాత్రం మా చినుకు బాగుచేసిన ఫోటోయే. ఇదంతా ఆ ఫోటో గురించే.

మా అత్తయ్య పెళ్ళికి ముందు ఒక గిడ్డంగుల కంపెనీలో టైపిస్టు. మామయ్య టైపు మిషన్లు బాగుచేసే మెకానిక్. ఒకరోజు ఆ ఆఫీసుకి పనిమీద వచ్చారు. మూడింటికి పని అయిపోయింది. అయినా అయిదింటిదాకా, ఆఫీసు మూసేదాకా, అక్కడే ఉండిపోయారు. ఆ మధ్యలో ఎవరో ఉద్యోగి బదిలీ మీద వెళ్తున్నాడని ఫోటో తీశారు. అందులో అత్తయ్య మిషన్ ముందు కూర్చునుంటారు. వెనక ఊచల కిటికీ పక్కన మామయ్య సంచి పట్టుకుని, ఇక్కడ నాకేం పని అన్నట్టు నిలబడి ఉంటారు. గోడ గడియారంలో అయిదుకి పది నిమిషాలు తక్కువ. తర్వాత నాలుగు నెలలకి వాళ్ళిద్దరికీ పెళ్ళయింది.

ఎందుకు ఉండిపోయారన్న దగ్గరే తగాదా. "మూడు నుంచి అయిదు దాకా తెరిపి లేకుండా వాన. గొడుగు లేదు, ఎక్కడికి పోతారు? ఆగారు" అంటారు అత్తయ్య. "వానా లేదు, గీనా లేదు. చురుక్కుమనే ఎండ. నీ కోసమే ఆగాను" అంటారు మామయ్య. నేను కాపరానికొచ్చినప్పటి నుంచి ఈ మాటలు వారానికి రెండుసార్లయినా విన్నాను. పిల్లలకి ఎక్కాలు రాకముందే ఇవి వచ్చాయి. అత్తయ్య సంగతి తెలిసిందే, తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. మామయ్యా తగ్గేవారు కాదు.

చినుకు కొత్తకోడలుగా వచ్చిన నెలకే ఆ ఫోటో చూసింది. చెమ్మ పట్టి, కిటికీ ఉన్నచోటంతా తెల్లగా తినేసింది. కొత్త కదా, అత్తగారి మెప్పు పొందుదామని బాగుచేయడానికి కూర్చుంది. ఈ తగాదా సంగతి దానికింకా తెలియదు. "అత్తయ్యా, ఈ కిటికీలోంచి ఏం కనపడేది?" అని అడిగింది. అత్తయ్య కూరగాయలు తరుగుతూ, "ఏముంటుంది, ఆరోజంతా వానే" అన్నారు, అందరికీ చెప్పినట్టే.

ఇంకేం, కిటికీ నిండా వాన పెట్టింది. మూడు పొరల్లో, ఒకే వాలులో.

చట్రం కట్టించి గోడకి తగిలించిన రోజు అత్తయ్య చాలాసేపు ఆ ఫోటో ముందు నిలబడ్డారు. సాయంత్రం మామయ్య రాగానే, "ఇదిగో చూడండి, ఫోటోలోనే ఉంది వాన. ఇప్పుడేమంటారు?" అన్నారు. మామయ్య చిన్న మరలు చూసుకునే భూతద్దం తెచ్చి ఆ కిటికీని చూశారు. చూసి చూసి, "అవును, వానే. నాకే గుర్తులేదన్నమాట" అన్నారు. మేమందరం నవ్వాం. చెరిగిపోయిన వాననే కదా తిరిగి పెట్టాను అనుకుని చినుకూ నవ్వింది, అది తను పెట్టిందని చెప్పలేదు. ఇన్నాళ్ళ కేసు తేలిపోయిందని మా ఆయన చప్పట్లు కూడా కొట్టారు.

ఆ తర్వాత ఆ తగాదా మళ్ళీ రాలేదు. అత్తయ్య ఒకటి రెండుసార్లు కదిపి చూశారు. "నువ్వన్నదే నిజం" అని పేపర్లో తలదూర్చేశారాయన.

ఫోటో తగిలించిన మర్నాటి నుంచే మామయ్య ఒక నోటు పుస్తకం పెట్టారు. రోజూ సాయంత్రం అందులో ఏదో రాసుకుని నన్ను పిలుస్తారు. "అమ్మాయ్, ఇవాళ వాన పడిందా?" నేను లేదంటే, తను రాసిన 'వాన లేదు' పక్కన టిక్కు పెట్టుకుంటారు. ముసలివాళ్ళకి ఏదో ఒక కాలక్షేపం అనుకున్నాం. ఆరేళ్ళలో అలాంటివి నాలుగు పుస్తకాలు నిండాయి. ఏ రోజు వాన పడిందో వాతావరణ శాఖ కూడా మమ్మల్నే అడగాలి.

టైపు మిషన్లు పోయాక ఆయన కుట్టుమిషన్లు బాగుచేస్తున్నారు. ముందుగదిలో కిటికీ పక్కన బల్ల, దానిమీద పనిముట్లు, నూనె డబ్బా. ఈ వీధిలోనే కాదు, నాలుగు వీధుల అవతల నుంచి కూడా మిషన్లు తెస్తారు. డెబ్భై రెండేళ్ళ మనిషి. ఆ బల్ల దగ్గర కూర్చుంటే మాత్రం కూనిరాగం తీస్తారు.

మొన్న వేసవిలో ఒక గురువారం, భోజనాల దగ్గర ఆయన చల్లగా ఒక మాటన్నారు. "ఆదివారం పదింటికి మిషన్ల కొట్టతను వస్తాడు. పనిముట్లన్నీ ఇచ్చేస్తున్నాను."

మా ముద్దలు నోట్లోనే ఆగాయి. ఎందుకు నాన్నా అని మా ఆయన అడిగారు.

"నిన్న ఒక మిషన్ బిగించాను. మర ఒకటి మిగిలింది. ఎక్కడిదో గుర్తు రాలేదు."

"మర మిగలడం ఎవరికైనా మామూలేగా" అన్నాను.

"మీ అత్తయ్యని చూసిన రోజు పడిన వానే గుర్తులేని బుర్ర ఇది. మర గుర్తుంటుందా? ఎవరి వేలిలోనైనా సూది దిగితే?" అని, చెయ్యి కడుక్కోవడానికి లేచారు.

అప్పుడర్థమైంది నాకు ఆ నోటు పుస్తకాలు ఎందుకో. కాలక్షేపం కాదు. ఆరేళ్ళుగా ఆయన తన బుర్రకి తనే పరీక్ష పెట్టుకుంటూ, నాచేత దిద్దించుకుంటున్నారు. లెక్కల టీచర్ని, నాకు ఇంత చిన్న లెక్క తేలలేదు.

శనివారం మధ్యాహ్నం అత్తయ్య ఫోటోలు తుడుస్తున్నారు. మనసు బాగాలేనప్పుడు ఆవిడ ఏదో ఒకటి తుడుస్తారు. చినుకు స్టూల్ పట్టుకుంది. ఆవిడని మాటల్లో పెడదామని, ఆ ఆఫీసు ఫోటోలో బల్ల చూపిస్తూ, "మీ ఆఫీసులో టేబుల్ గుడ్డలు ఎంత బాగుండేవో కదత్తయ్యా, ఈ చారలు చూడండి" అంది.

"గుడ్డలా? ఆ మేనేజరు చేతులు తుడుచుకోడానికే గుడ్డ ఇచ్చేవాడు కాదు, టేబుల్‌కి గుడ్డ పరుస్తాడా? అన్నీ బోడి బల్లలే" అన్నారు అత్తయ్య.

చినుకు స్టూల్ వదిలేసింది. నేను పట్టుకోకపోతే అత్తయ్య కిందపడేవారు. అది తేలు కుట్టిన దొంగలా నోరెత్తకుండా వెళ్ళి కంప్యూటర్ తెరిచింది. కాసేపటికి నన్ను పిలిచింది.

దానికొక మంచి అలవాటుంది. ఏ ఫోటో బాగుచేసినా, బాగుచేయకముందు కాపీ పారెయ్యదు. తెర మీద ఆ పాత ఫోటో ఉంది, చెమ్మతో సహా. అత్తయ్య బల్ల మీద నల్లటి చారలు, కిటికీ వైపు నుంచి మనవైపు వస్తూ. పక్కనే ఫైళ్ళ దొంతర. చారలు బల్ల మీద నుంచి ఆ ఫైళ్ళ మీదికి ఎక్కి, అవతల దిగాయి.

"గుడ్డ మీది చారలు ఫైళ్ళెక్కవు కదక్కా" అంది. "ఇవి కిటికీ ఊచల నీడలు. నేను గుడ్డ అనుకున్నాను. ఫైళ్ళ మీద ఉన్నవి ఫోటో గీసుకుపోయిన గీతలనుకుని, కూర్చుని తుడిచేశాను. బల్ల మీద చారలు బాగున్నాయని ఇంకాస్త పదును కూడా పెట్టాను."

"అయితే?"

"వానలో నీడలు పడవక్కా. మబ్బు పడితే వెలుగు అన్ని వైపుల నుంచీ వస్తుంది, నీడ కరిగిపోతుంది. ఇంత పదునైన నీడ పడాలంటే చురుక్కుమనే ఎండ ఉండాలి. అయిదుకి పది తక్కువకి ఎండ ఉంది. మామయ్య చెప్పిందే నిజం. నేనే ఆయన మీద అబద్ధపు వాన కురిపించాను."

ఇంక ఏడ్చింది. పెళ్ళయ్యాక అది ఏడవగా నేను చూడడం అదే మొదటిసారి. చీమలు పట్టిన చినుకుల కోసం కూడా ఏడవలేదు.

ఈ మాట అత్తయ్యకి చెప్పాలి. పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలి? ఆ ఫోటో ఆవిడ గెలుపు. పైగా చినుకు ఉద్యోగం అబద్ధాల ఉద్యోగమని ఆవిడ అననే అంటున్నారు. "నేను చెప్తాలే" అన్నాను, పెద్దదాన్ని కదా అని. "వద్దక్కా. పెట్టింది నేను, తీసేది నేనే. నువ్వు కంబళి పట్టుకుంటే చాలు" అంది. కంబళి ఎందుకో అప్పుడు చెప్పలేదు.

ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి మామయ్య బల్ల దగ్గర కూర్చుని పనిముట్లు ఒక్కొక్కటే గుడ్డలో చుడుతున్నారు. కూనిరాగం లేదు. అత్తయ్య గుమ్మానికి ఆనుకుని చూస్తున్నారు. చినుకు పాత ఫోటో కాగితం మీద తీసి తెచ్చింది. నన్ను మాత్రం నల్లటి కంబళి ఇచ్చి వీధిలోకి పంపింది. ముందుగది కిటికీకి అడ్డంగా, కొంచెం దూరంగా పట్టుకోమంది. అంచేత ఆ ఇంట్లో జరిగిన అతి ముఖ్యమైన ఘట్టాన్ని నేను ఎర్రటి ఎండలో, చేతులు పైకెత్తి, చెవులతోనే చూశాను.

"మామయ్యా, మీ పనిముట్ల పెట్టె మీద చూడండి. ఏమున్నాయి?"

"ఊచల నీడలు."

"బల్ల మీద నుంచి పెట్టె మీదికి ఎక్కాయి కదా. అక్కా, మబ్బు."

నేను కంబళి ఎత్తాను.

"ఇప్పుడో?"

"పోయాయి."

"అక్కా, ఎండ."

దించాను. ఇలా నాలుగుసార్లు. సరిగ్గా అప్పుడే మిషన్ల కొట్టతను బండి ఆపి దిగాడు. నన్ను చూసి, "ఏం చేస్తున్నారు టీచర్‌గారూ?" అన్నాడు. "మబ్బు పట్టిస్తున్నాను" అన్నాను. అతను ఇంకేమీ అడగలేదు. మా ఇంటి గురించి వీధిలో ముందే కొంత తెలుసు.

లోపల చినుకు అంతా చెప్పేసింది. కిటికీలో వాన తను పెట్టిందని, గుడ్డ అనుకుని పొరపడ్డానని, గీతలనుకుని నీడలు తుడిచానని. పాత ఫోటో ఆయన చేతిలో పెట్టింది. మామయ్య భూతద్దం తీసిన చప్పుడు, తర్వాత కాగితం అటూ ఇటూ తిప్పుతున్న చప్పుడు వినిపించాయి. నా చేతులు లాగుతున్నాయి.

"అయితే నా బుర్ర బాగానే ఉందన్నమాట" అన్నారు మామయ్య. ఆ గొంతు నేను జన్మలో మర్చిపోను.

"బంగారంలా ఉంది మామయ్యా. బాగాలేనిది నా కళ్ళే."

నేను కంబళి మడిచి లోపలికొచ్చేసరికి, మామయ్య కొట్టతనికి కుర్చీ చూపించి, "నీకు శ్రమ ఇచ్చాను బాబూ. కాఫీ తాగి వెళ్ళు. ఇవ్వడం లేదు" అంటున్నారు. చుట్టిన గుడ్డలు అప్పుడే విప్పుతున్నారు కూడా. గుమ్మంలో అత్తయ్య లేరు.

వంటింట్లో ఉన్నారు. పొయ్యి మీద పాలు పెట్టి, పొయ్యి వెలిగించకుండా గిన్నె వైపు చూస్తున్నారు. చినుకు వెళ్ళి ఆవిడ పక్కన నిలబడింది.

"అత్తయ్యా, ఎండ అని బయటపెట్టి మిమ్మల్ని ఓడించాను. క్షమించండి."

"ఎండ అని నాకు తెలియదా?" అన్నారు అత్తయ్య. "ఊచల నీడ నా వేళ్ళ మీదే పడుతుంటే టైపు కొట్టాను. తల ఎత్తలేదు గానీ, ఆయన అక్కడే ఉన్నారని ఆ నీడల్లోనే తెలిసేది."

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. "మరి ఇన్నేళ్ళూ వాన అని ఎందుకన్నారు?" అని నేనే అడిగాను.

"నేను వాన అంటేనే కదా ఆయన ఆ మాట అనేది." పమిట చెంగుతో గిన్నె పట్టుకుని ఊరికే పక్కకి జరిపారు. "నీ వాన గోడెక్కాక ఒక్కసారీ అనలేదు. ఆరేళ్ళు. అది నువ్వు పెట్టిన వాన అని నాకు చూడగానే తెలిసింది. కాదని చెబుదామంటే, నేను ఇన్నేళ్ళూ అబద్ధమాడానని చెప్పుకోవాలి. ఆయన తన బుర్ర పాడైందనుకున్నారని మొన్న భోజనాల దగ్గర దాకా నాకూ తెలియదు. అబద్ధాల ఉద్యోగం నాది, నీది కాదు."

చినుకు ఆవిడ భుజం మీద తల పెట్టింది. అత్తయ్య తోసెయ్యలేదు. కాసేపయ్యాక కళ్ళు తుడుచుకుని, పొయ్యి వెలిగించి, కాఫీ కలిపి, తనే తీసుకుని ముందుగదిలోకి నడిచారు. మేము వెనకాలే వెళ్ళాం.

మామయ్య బల్ల మీద మరలు సర్దుకుంటున్నారు. కొట్టతనికి ఒక కప్పు ఇచ్చి, ఆయన ముందు ఒకటి పెట్టి, అత్తయ్య నడుం మీద చేతులేసుకుని నిలబడ్డారు.

"మీరూ మీరూ కలిసి ఎన్ని నీడలు చూపించినా సరే, ఆరోజు వానే. అందుకే ఆగారు."

మామయ్య తల ఎత్తారు. భూతద్దం కంటి మీద నుంచి తీశారు.

"వానా లేదు, గీనా లేదు. నీ కోసమే ఆగాను."

అత్తయ్యకి చెవులు శుభ్రంగా వినపడతాయి. వంటింట్లోంచి వీధి చివరి మాటలు కూడా వింటారు. అయినా కొంగు చెవి దగ్గర సర్దుకుంటూ, "ఏంటీ?" అన్నారు.

మామయ్య మళ్ళీ చెప్పారు.